మూడో కుర్చీ

విజయవాడ బెంజి సర్కిల్ దాటాక లోపలి వీధిలో, ఓ మేడ రెండో అంతస్తులో ఉంది ఆ కౌన్సెలింగ్ కేంద్రం. వరండాలో నిలబడితే ఎదురుగా కోచింగ్ సంస్థ హోర్డింగు: వరసగా పిల్లల మొహాలు, మొహాల కింద ర్యాంకులు. థెరపీ జరిగే గదిలోకి బయటివాళ్లను రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అందుకే నన్ను శిక్షణ రోజున రమ్మన్నారు. జూనియర్ కాలేజీ లెక్చరర్లు, హాస్టల్ వార్డెన్లు, ఇద్దరు నర్సులు, సైకాలజీ పీజీ ముగించిన అమ్మాయిలు కొందరు వచ్చారు. పిల్లలకు చెప్పబోయేది ముందు తమ మీద చేసి చూసుకోవాలన్నది షరతు. ఎవరి పేరూ రాయనని మాటిచ్చి ఓ మూల కూర్చున్నాను. ఇలాంటి చోట్ల వెనకాల సన్నగా వేణుగానం పెడతారేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

నడిపించేది ఓ క్లినికల్ సైకాలజిస్టు. అందరూ మేడం అంటున్నారు. ఆవిడ ఉపన్యాసంతో మొదలుపెట్టలేదు.

"మీ స్నేహితురాలు పరీక్ష పోయిందని ఏడుస్తూ వస్తే ఏమంటారు?"

జవాబులు ధారాళంగా వచ్చాయి. పోతే పోయింది లేవే, మళ్లీ రాద్దువు, ముందు అన్నం తిను.

"పోయింది మీ పరీక్షే అయితే?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఓ వార్డెన్, "బుద్ధుందా నీకు, చెప్తే విన్నావా అనుకుంటానండీ" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ తేడాను కొలవడానికి అమెరికన్ సైకాలజిస్టు క్రిస్టిన్ నెఫ్ 2003లో ఓ ప్రశ్నావళి ప్రచురించింది. తనతో తాను మెత్తగా ఉండటం, పొరపాట్లూ కష్టాలూ మనుషులందరికీ ఉండేవేనని గుర్తుంచుకోవడం, బాధను దాచకుండా, భూతద్దంలో చూడకుండా ఉన్నదున్నట్టు గమనించడం: ఈ మూడూ కలిస్తే తన మీద తనకు కరుణ ఉన్నట్టని ఆవిడ లెక్క. తర్వాత క్రిస్టఫర్ జెర్మర్‌తో కలిసి 8 వారాల శిక్షణ తయారుచేసింది. మేడం ఇదంతా రెండు నిమిషాల్లో ముగించి, ఇంగ్లండుకు చెందిన పాల్ గిల్బర్ట్ దగ్గర ఆగారు. నాకూ ఆయన సంగతే ఆసక్తిగా అనిపించింది.

లోలోపల సిగ్గుతో కుంగిపోయి తమను తాము తిట్టుకునే రోగులను గిల్బర్ట్ చూసేవాడు. తప్పుడు ఆలోచనను తర్కంతో సరిదిద్దుకోవడం అప్పటికే ఉన్న పద్ధతి. రోగులు అది నేర్చుకునేవారు కూడా. "ఒక్క తప్పు చేసినంత మాత్రాన పనికిమాలినవాణ్ణి కాను" అని తమకు తాము సరిగ్గానే చెప్పుకునేవారు. మనసు మాత్రం కుదుటపడేది కాదు. ఆ మాట లోపల ఏ గొంతుతో వినపడుతోందని అడిగితే తెలిసింది: అదీ కసిరే గొంతే. వాక్యం మారింది, కసురు మారలేదు. ఆ గొంతును మార్చే పనే ఆయన థెరపీ. ప్రమాదాన్ని పసిగట్టే ఏర్పాటు ఒకటి, సాధించమని పరుగెత్తించేది ఒకటి, ఊరట పొందేది ఒకటి మనలో ఉంటాయంటాడు ఆయన. తిట్టుకునేవాళ్లలో మొదటిది ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, మూడోదానికి అలవాటు తప్పిపోతుంది. అందుకే మాటలకంటే ముందు శరీరం దగ్గర మొదలుపెడతారు. వెన్ను నిటారుగా పెట్టి, మొహం సడలించి, నిమిషానికి ఐదారుసార్లు మాత్రమే శ్వాస తీసుకుంటూ కూర్చోవాలి. వినడానికి తేలిక. నాకు రెండో నిమిషంలోనే ఫోను చూడాలనిపించింది.

మధ్యాహ్నం మూడు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేశారు. ఒకటి తిట్టేవాడిది, ఒకటి తిట్లు పడేవాడిది, మూడోది కరుణతో చూసేవాడిది. కెమిస్ట్రీ మాస్టారు ఒకాయన ముందుకొచ్చారు. మొదటి కుర్చీలో కూర్చోగానే ఎదుటి ఖాళీ కుర్చీ వైపు వేలు చూపించి అందుకున్నారు. "ఇన్నేళ్లుగా పాఠాలు చెప్తున్నావు, చెప్పుకోడానికి ఒక్క ర్యాంకు ఉందట్రా? జీతం తీసుకోడానికి సిగ్గు లేదూ?" ఆ గొంతు ఆయనది కాదని గదిలో అందరికీ అర్థమైంది. ఎవరిదని ఎవరూ అడగలేదు.

రెండో కుర్చీలోకి మారాక భుజాలు జారిపోయాయి. "నిజమే" అన్నారు, అంతే.

ఇక్కడ నేనైతే ఓదార్చేవాణ్ణి. మేడం ఆ పని చేయలేదు. ఆయన్ను మళ్లీ మొదటి కుర్చీలో కూర్చోబెట్టి, "ఈయన్ని తిట్టడం మానేస్తే ఏమవుతుందని మీ భయం?" అని అడిగారు.

మాస్టారు చాలాసేపు ఆలోచించారు. "చతికిలబడతాడండీ. మా నాన్న పొలం అమ్మి చదివించాడు. అదంతా బూడిదలో పోసినట్టవుతుంది." గొంతులో కసురు పోయింది, కంగారు మిగిలింది.

మూడో కుర్చీలో కూర్చోనిచ్చే ముందు మళ్లీ ఆ శ్వాస. అప్పుడు ఆయన మొదటి కుర్చీతో, "నీ భయం తెలిసింది, అది నేను చూసుకుంటాలే" అన్నారు. రెండో కుర్చీతో, "పొద్దున ఐదింటికి స్టడీ అవర్‌కి వస్తున్నావు. అలిసిపోయావురా" అన్నారు. ఆ వెంటనే మా వైపు తిరిగి, "ఇదంతా నాటకంలా ఉందండీ" అని కుండబద్దలు కొట్టారు.

"ఉంటుంది. తిట్టుకోవడంలో మీకు నలభై ఏళ్ల సాధన ఉంది మరి" అన్నారు మేడం.

తర్వాత ఎవరికి వారు ఉత్తరం రాసుకోవాలి. సంబోధన దగ్గరే సగంమంది ఆగిపోయారు. ఓ నర్సు నాలుగు వాక్యాలు రాసి, కాగితం మడిచేసి, "నాకు కోపం వస్తోంది మేడం" అంది. ఇది మామూలేనట. మంటలున్న గది తలుపు తీస్తే గాలి తగిలి మంట ఎగదన్నినట్టు, ఎన్నాళ్లుగానో మూసుకున్న మనసుకు దయ తగిలితే ముందు పాత బాధే పైకొస్తుంది. జెర్మర్ దీన్ని అగ్నిమాపక సిబ్బంది మాటల్లోనే బ్యాక్‌డ్రాఫ్ట్ అన్నాడు. అలాంటప్పుడు బలవంతపెట్టరు, పెన్ను పక్కన పెట్టనిస్తారు. ఇంట్లో ఒంటరిగా పుస్తకం చూసి చేయడానికీ, తెలిసినవాళ్ల సమక్షంలో చేయడానికీ తేడా నాకు అక్కడ కనిపించింది.

తిట్టకపోతే పిల్లలు చదువుతారా అన్న ప్రశ్న రానే వచ్చింది. బర్కిలీలో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగం గురించి మేడం చెప్పారు. కష్టమైన పదజాలం పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో, తమ పట్ల దయగా ఆలోచించమని సూచన అందినవాళ్లు తర్వాతి పరీక్షకు మిగతావాళ్లకంటే ఎక్కువసేపు చదివారు. వార్డెన్లు సగమే నమ్మినట్టు కనిపించారు.

నా అనుమానం వేరు. వరండా ఎదుటి ఆ హోర్డింగు అలాగే ఉండగా, నీతో నువ్వు మెత్తగా ఉండమని పిల్లవాడికి చెప్పడం, బరువు దించకుండా నడుం గట్టిచేసుకోమనడం కాదా? మేడం కాదనలేదు. "దాన్ని నేను దించలేను. పిల్లాడు గదికెళ్లాక కూడా ఆ హోర్డింగు తలలో మాట్లాడుతూనే ఉంటుంది చూడండి, నా పని దానితో." తిండీ నిద్రా మానేసినవాళ్లకు, చచ్చిపోవాలనిపిస్తోందనేవాళ్లకు ఉత్తరాలు, కుర్చీలు చాలవని, వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలని, రాత్రి వేళైతే టెలీమానస్ 14416కు ఫోను చేయించాలని బోర్డు మీద రాసి మరీ చెప్పారు. 2022 అక్టోబరులో మొదలైన ఆ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడతారు.

అందరూ లేస్తుండగా కెమిస్ట్రీ మాస్టారు ఆగారు.

"మా ప్రిన్సిపాల్ శనివారం ఆఖరి పీరియడ్ ఇస్తానన్నారు మేడం. కానీ ఆ రోజు వీక్లీ టెస్టు మార్కులు చెప్తారు, ఎవడూ వినే స్థితిలో ఉండడు."

"అయితే ఆ పీరియడే తీసుకోండి. ఎంతమంది?"

"తొంభై."

"అంతమందితో కుర్చీలు పెట్టుకోకండి. ఉత్తరంతో మొదలుపెట్టండి. రాసింది మాత్రం తీసుకుని చదవకండి."