మిఠీ నది ఒడ్డున నికాహ్‌కు సాక్ష్యం

ముంబయి మహానగరంలో బాంద్రా, కుర్లాల నడుమ, మిఠీ నది ఒడ్డున ఒకప్పుడు చిత్తడి నేలగా ఉన్న ప్రాంతాన్ని నేడు బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ అంటారు. బ్యాంకుల పెద్ద కార్యాలయాలు, జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి, వజ్రాల వ్యాపార కేంద్రం అక్కడే కొలువై ఉన్నాయి. అమెరికా కాన్సులేట్ కూడా 2011లో బ్రీచ్ క్యాండీ సముద్రతీరాన ఉన్న లింకన్ హౌస్ నుండి ఇక్కడికే తరలివచ్చింది. ధనం, వ్యాపారం తప్ప మరో ప్రస్తావన ఉండదనిపించే ఆ వీధుల్లో ఒక విచిత్రమైన వ్యవహారం నిత్యం జరుగుతూ ఉంటుంది. కొత్తగా పెళ్ళయినవారు కాగితాల కట్టలు చేతబట్టుకొని వచ్చి, తమ వివాహం నిజమైనదేనని ముక్కూ మొహం తెలియని ఒక అధికారికి నిరూపించుకుంటారు.

గత శీతాకాలంలో మా తమ్ముని కుమార్తె వెంట మేమూ, మా ఇంటివారూ అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. తమ్ముని ఆరోగ్యం ప్రయాణానికి అనుకూలించలేదు. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ ఉన్నప్పటికీ, మా అమ్మాయి వలస వీసా ముఖాముఖిని ముంబయికే కేటాయించారు. వరుడు షికాగోలో స్థిరపడిన హైదరాబాదీ కుటుంబానికి చెందినవాడు, అమెరికా పౌరుడు. నికాహ్ పాలమూరులో మా వీధి మస్జిదులోనే జరిగింది. వరుడు మూడు వారాల సెలవు ముగియగానే వెళ్ళిపోయాడు. మరుసటి ఏడు రమజాన్ పండుగకు వచ్చి నాలుగు వారాలు ఉన్నాడు. పద్దెనిమిది నెలల వైవాహిక జీవితంలో ఆ దంపతులు ఒకే ఇంట గడిపినవి ఏడు వారాలే. ఈ ఏడు వారాలను చూపి జీవితకాలపు బంధాన్ని ఎలా నిరూపించాలన్నదే ఇంట్లో అందరి దిగులు.

ప్రయాణానికి రెండు నెలల ముందు మేము నాంపల్లిలోని హజ్ హౌస్‌కు వెళ్ళాము. వక్ఫ్ బోర్డు కార్యాలయం అక్కడే ఉన్నది. ఖాజీలు నమోదు చేసిన నికాహ్‌లకు ధ్రువపత్రాలు అక్కడ లభిస్తాయి. మన ఇళ్ళలో ‘సియాహా’ అని పిలుచుకునే ఉర్దూ పత్రంలో వధూవరుల పేర్లు, వారి తండ్రుల పేర్లు, వకీలు, ఇద్దరు సాక్షులు, మహర్ మొత్తం అన్నీ ఉంటాయి. పరాయి దేశపు అధికారికి చూపవలసి వచ్చినప్పుడు దానికి ఆంగ్ల అనువాదం జతపరచాలి. మేము పత్రాలను ఎదురెదురుగా పెట్టి చూడగా, సియాహాలో అమ్మాయి పేరు చివర ‘బేగం’ ఉన్నది, పాస్‌పోర్టులో లేదు. ఒక్క మాట తేడాను సరిచేయించడానికి నాలుగు సార్లు తిరగవలసి వచ్చింది. ఆ వరుసలో నిలుచున్న తల్లులు, కూతుళ్ళు ఎందరో ఇటువంటి తేడాల కోసమే వచ్చినవారు. నికాహ్ జరిగిన రాత్రి బిర్యానీ వంటల సందడిలో సియాహాను ఒక్కసారి చదివి చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపిక విలువ తరువాత తెలిసివస్తుంది.

నాంపల్లి స్టేషనులో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. వికారాబాదు అడవులు, తాండూరు నాపరాళ్ళ గుట్టలు దాటి, సంధ్యవేళకు హజ్రత్ బందేనవాజ్ విశ్రమించిన కలబురిగి చేరాము. మగ్రిబ్, ఇషా నమాజులు బెర్తు మీదనే ముగించుకున్నాక అమ్మాయి తన సంచిలో నుండి ఒక కాగితాల కట్ట తీసింది. ఒక ఏజెంటు ఇచ్చినదది. అరవై ప్రశ్నలు, అరవై జవాబులు. భర్తకు ఇష్టమైన రంగు, ఇష్టమైన సినిమా, తొలిచూపులో కలిగిన భావన వంటివన్నీ అందులో ఉన్నాయి. పెళ్ళి ఫోటోలు తక్కువగా ఉన్నాయి గనుక స్టూడియోలో కొన్ని తీయించి, ఊటీకి వెళ్ళినట్లు చెప్పుకొమ్మని కూడా అతడు సలహా ఇచ్చాడట. మాది మస్జిదులో నికాహ్. స్త్రీలు ఇంటి వద్ద వేరుగా ఉన్నారు. వధూవరులను ఒకేచోట కూర్చోబెట్టి ఫోటోలు తీసే ఆనవాయితీ మా కుటుంబంలో లేదు. దీని పట్ల శ్రద్ధ గల అనేక కుటుంబాలకు ఇదే చిక్కు ఎదురవుతుంది.

“బడే అబ్బా, ఈ కాగితంలో ఉన్న అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆమె ఊటీ చూసింది. నేను వికారాబాదు దాటడం ఇదే మొదటిసారి” అన్నది అమ్మాయి.

“అయితే ఆమెను ఇక్కడే వదిలేయి బేటీ. అక్కడ నీ చేత ప్రమాణం చేయిస్తారు. ప్రమాణం చేశాక తెలిసినది తెలిసినట్లు చెప్పు, తెలియనిది తెలియదని చెప్పు. అబద్ధపు సాక్ష్యం ఎంత ఘోరమైన పాపమో నీవు చదువుకున్నదే గదా” అన్నాము.

మా ఇంటివారికి మాత్రం ధైర్యం చాలలేదు. “నిజం చెప్పి పిల్ల ఇక్కడే ఉండిపోతే?” అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల శక్తి మాకు లేదు. ఫలితం అల్లాహ్ చేతిలోనిది. సోలాపూర్ దాటేవరకు ముగ్గురమూ నిద్రపోలేదు. ఆ రాత్రి అమ్మాయి కట్టను మళ్ళీ తెరవలేదు.

తెల్లవారకముందే దాదర్‌లో దిగాము. మాహిమ్‌లో ఒక చిన్న లాడ్జిలో గది తీసుకొని, ఫజ్ర్ నమాజు అక్కడి మస్జిదులో చేసుకున్నాము. మఖ్దూమ్ అలీ మాహిమీ నివసించిన నేల అది. 1431లో మరణించిన ఆ మహా విద్వాంసుడు రచించిన ఖుర్ఆన్ వ్యాఖ్యానం పేరు మదరసా చదువులు చదివిన మాబోటివారికి సుపరిచితం. మాహిమ్‌లో ఆటోరిక్షాలు తిరగవు. టాక్సీ ఎక్కి, కాలువ వంతెన దాటి, బాంద్రా తూర్పు వైపునకు చేరుకోవాలి.

కాన్సులేట్ ద్వారం వద్ద సెల్‌ఫోను, సంచి లోపలికి తీసుకుపోనివ్వరు. అమ్మాయి కాగితాల ఫైలు మాత్రమే పట్టుకొని ఒంటరిగా లోపలికి వెళ్ళింది. మేము ఎదుటి కాలిబాట మీద మిగతా కుటుంబాలతోపాటు నిలబడ్డాము. పంజాబు నుండి వచ్చిన వృద్ధులు, గుజరాతీ తల్లులు, కేరళ దంపతులు అక్కడ ఉన్నారు. భాషలు వేరైనా అందరి చూపూ ఆ ద్వారం మీదనే.

సూరత్ నుండి వచ్చిన ఒక పెద్దాయన మాతో మాట కలిపారు. ఆయన మేనకోడలు ఇక్కడికి రావడం రెండవసారి. తొలిసారి అధికారి, “నీ భర్తకు ఇంతకుముందు పెళ్ళయిందా?” అని అడిగాడట. లేదని ఆ పిల్ల చెప్పింది. కాని భర్త దరఖాస్తులోనే మొదటి వివాహం, దాని రద్దు వివరాలు రాసి ఉన్నాయి. పిల్లకు నిజంగానే ఆ సంగతి తెలియదు. పెళ్ళినాడు వరుని పెద్దలు దాచిపెట్టారు. “మా పిల్ల అబద్ధం ఆడలేదు మౌలానా. ఆమెకు ఇంట్లోవాళ్ళే నిజం చెప్పలేదు” అంటూ ఆయన తలవంచుకున్నారు. పెద్దలు దాచిన విషయాన్ని ఒక పరాయి అధికారి నోట వినవలసి రావడం కన్నా ఆడపిల్లకు అవమానం ఏముంటుంది?

గంటన్నర తరువాత అమ్మాయి బయటకు వచ్చింది. అద్దం కిటికీ వద్ద కుడిచేయి పైకెత్తించి ప్రమాణం చేయించారట. ముఖాముఖి పది నిమిషాలు కూడా సాగలేదట. సంబంధం ఎవరి ద్వారా వచ్చింది, నికాహ్‌కు ముందు ఎన్నిసార్లు మాట్లాడుకున్నారు, ఆయన ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారు, షికాగో ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఆయన ఉద్యోగం ఏమిటి వంటివి అడిగారు. ఫోటోల్లో ఇద్దరూ కలిసి ఎందుకు లేరని అడిగితే, మస్జిదులో జరిగిన నికాహ్ పద్ధతిని ఉన్నది ఉన్నట్లు వివరించింది. చివరగా, ఇటీవల మీ ఇద్దరి మధ్య అభిప్రాయభేదం దేని మీద వచ్చిందని అడిగారట. అరవై ప్రశ్నల కట్టలో లేని ప్రశ్న అది.

“నేను బి.ఇడి. పూర్తి చేశాకే వస్తానన్నాను. ఆయన అక్కడికి వచ్చి చదువుకొమ్మన్నారు. రెండు రోజులు ఫోను చేయలేదు. మూడవ రోజు మా అత్తగారు ఫోను చేసి ఇద్దరినీ మందలించారు. ఇదే చెప్పాను బడే అబ్బా. ఆ అధికారిణి నవ్వింది” అన్నది.

భర్త ఆదాయానికి సంబంధించిన కొత్త పన్ను పత్రం ఒకటి కావాలని 221(జి) అనే చీటీ ఇచ్చి పంపారు. ఆ చీటీని చూసి మా ఇంటివారు కన్నీరు పెట్టుకున్నారు. అది తలుపు మూసివేయడం కాదని, అడిగిన పత్రం అందజేస్తే పరిశీలన కొనసాగుతుందని అక్కడివారు ధైర్యం చెప్పారు. పత్రం పంపిన కొన్ని వారాలకు వీసా ముద్రతో పాస్‌పోర్టు వచ్చింది. అల్హమ్దులిల్లాహ్.

ఈ ప్రయాణంలో మాకు అర్థమైన సంగతి ఒకటి ఉన్నది. ఖాజీ అడిగే ప్రశ్న వేరు, ఆ కిటికీ వెనుక అడిగే ప్రశ్న వేరు. ఈజాబ్-ఖబూల్, సాక్షులు, మహర్ సక్రమంగా ఉన్నాయా అని ఖాజీ చూస్తాడు. పెళ్ళి చేసుకున్న నాడు ఈ ఇద్దరికీ కలిసి కాపురం చేసే సంకల్పం ఉన్నదా అని అమెరికా చట్టం అడుగుతుంది. అంటే వారు వెతికేది నియ్యత్‌ను. నియ్యత్ హృదయంలో దాగి ఉంటుంది, దానిని ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. మనుషులు చూడగలిగేది దాని జాడలను మాత్రమే. భర్త పంపిన ఇంటి ఖర్చు, వచ్చిపోయిన టికెట్లు, బీమాలో రాయించిన భార్య పేరు, అర్ధరాత్రి ఫోను సంభాషణలు, చిన్న అలక, పెద్దల మందలింపు. ఇవే ఆ జాడలు. వీటిని ఏజెంటు తయారుచేయలేడు. నిజమైన కాపురంలో ఇవి వాటంతట అవే పోగవుతాయి. మనం చేయవలసింది వాటిని పారవేయకుండా భద్రపరచడమే.

ఆ దేశపు అధికారుల అనుమానానికి కారణం లేకపోలేదు. వీసా కోసమే దొంగ పెళ్ళిళ్ళు చేసుకున్నవారు ఉన్నారు. అటువంటివారికి ఐదేళ్ళ వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా విధించేలా అక్కడ 1986లో చట్టం వచ్చింది. ఒకసారి దొంగ పెళ్ళిగా తేలితే, తరువాత నిజమైన వివాహం చేసుకున్నా వలస వీసా దారి మూసుకుపోతుంది. కొన్ని వేల డాలర్లకు ఆశపడి పిల్లలను అటువంటి ఒప్పందాల్లోకి నెట్టేవారు ఇటు చట్టానికీ, అటు దీన్‌కూ దూరమవుతారు.

విదేశీ సంబంధం చూస్తున్న తల్లిదండ్రులకు మా మనవి ఇది. వరునికి మునుపటి వివాహం ఉంటే అది ముగిసిన పత్రాన్ని కళ్ళతో చూడండి, అమ్మాయికి చెప్పండి. ఫోను ద్వారానో, వీడియో ద్వారానో నికాహ్ జరిపించి ఊరుకోకండి. వధూవరులు ఎదురెదురుగా లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తరువాత వారు దంపతులుగా కలిసి గడిపితే తప్ప, అమెరికా వలస చట్టం వివాహంగా గుర్తించదు. వరుడు పౌరుడా, గ్రీన్‌కార్డు గలవాడా అన్నది అడగండి. పౌరుని భార్యకు వార్షిక వీసాల సంఖ్యా పరిమితి లేదు. గ్రీన్‌కార్డు గలవాని భార్య తన వంతు వచ్చేదాకా నిరీక్షించవలసి ఉంటుంది.

మరొక మాట ఆడపిల్లలు గుర్తుంచుకోవాలి. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే అక్కడ అడుగుపెడితే, షరతులతో కూడిన రెండేళ్ళ గ్రీన్‌కార్డు ఇస్తారు. దాని గడువు తీరే ముందు తొంభై రోజుల్లో భార్యాభర్తలు కలిసి మళ్ళీ దరఖాస్తు చేయాలి. భర్త హింసించినా, సదుద్దేశంతో చేసుకున్న వివాహం విడాకులతో ముగిసినా, భార్య ఒంటరిగా దరఖాస్తు చేసుకునే అవకాశాన్ని ఆ చట్టం కల్పించింది. “నా సంతకం లేనిదే నీకు దిక్కు లేదు” అని ఎవరైనా బెదిరిస్తే, ఈ సంగతి తెలిసిన పిల్ల భయపడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నికాహ్‌కు ముందే వధూవరులు, పెద్దల సమక్షంలో, ఒకరినొకరు అడగవలసినవి అడిగి తెలుసుకోవడం. అతని అప్పులు, ఆమె చదువు, అక్కడ ఎవరితో కలిసి ఉండాలి, తల్లిదండ్రుల బాధ్యత ఎవరిది వంటి విషయాలను సిగ్గు పేరుతో మన ఇళ్ళలో దాటవేస్తాము. అమ్మాయి అడిగితే తొందరపాటు అంటాము, అబ్బాయి అడిగితే బేరం అంటాము. వలీగా నిలబడే ప్రతి తండ్రీ ఆ రోజున తానే ముందుకు వచ్చి, “అడుగు బేటీ, నేను ఇక్కడే ఉన్నాను” అని కూతురికి చెప్పాలి.