నిలిచిన నీరు

ఇల్లు కట్టుట యొక యెత్తు, కట్టిన యింటిని కాచుకొనుట యొక యెత్తు. కట్టించువారెవరైనను, కప్పునుండి జారు మొదటి బొట్టును చూచువారము మనమే. ఆ బొట్టు విషయమున మేము చేసిన పొరపాటును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

మాది జనగామలో పెంకుటిల్లు. పాత యింటికి వెనుక వంటయిల్లు చేర్చుటచే, రెండు కప్పుల వాలులును కలియుచోట రేకుతో నొక కాలువ యమర్చిరి. దానిపై వేపకొమ్మలు వ్రాలియుండును. ఏటేట మృగశిర కార్తెకు ముందే పెంకులు సరిచేయించి, కాలువ నూడ్పించుట మా అత్తగారి నియమము. 2023వ సంవత్సరమున వేసవి పెండ్లిపనులలో మునిగి మేమా నియమము తప్పితిమి. వాన వచ్చినప్పుడు చూతములే యనుకొంటిమి.

జూలై మాసాంతమున ముసురు పట్టెను. ఆ నెల 27వ తేదీ యుదయమునకు ముగిసిన 24 గంటలలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 600 మిల్లీమీటర్లకు మించి వాన కురిసినది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచగా, జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. మా యూర నంతటి వాన లేదు. అయినను వంటయింట బొట్లు కారసాగెను. పెంకు పగిలినదేమో యనుకొని, బొట్టు క్రింద గిన్నె పెట్టి, పిల్లలను గోడప్రక్కనే పరుండబెట్టితిమి. నడిరేయి అత్తగారు లేచి గోడను నొక్కి చూడగా వ్రేలు దిగినది. వెంటనే పిల్లలనెత్తుకొని ముందరి గదిలోనికి వచ్చితిమి. తెల్లవారకముందే ఆ మట్టిగోడ సగము కూలినది.

వాన వెలిసిన పిదప చూడగా పెంకొక్కటియు పగులలేదు. వేపాకును మట్టియు కాకిగూటి పుల్లలును కాలువ మూతిని మూసివేసినవి. పోవు దారి లేక నీరు వెనుకకు ఎగదన్ని, పెంకుల క్రిందుగా గోడలోనికి దిగినది.

మా వారు పాఠశాలలో భూగోళము బోధింతురు. శీతలదేశములందును ఇట్లే జరుగునని వారు చెప్పిరి. ఇంటి వెచ్చదనమునకు కప్పుపై మంచు కరగి, చల్లని చూరునొద్ద మరల గడ్డకట్టి, చెరువుకట్టవలె నిలుచునట. దాని వెనుక నిలిచిన నీరు కప్పులోనికి దూరునట. అందుచే అచ్చటివారు వెచ్చని గాలి కప్పునకు సోకకుండ అడ్డు పెట్టి, కప్పు క్రింద చల్లగాలి యాడునట్లు చేయుదురు. అక్కడ మంచుగడ్డ చేయు కీడును మన యింట వేపాకు చేయుచున్నది. పడిన నీటికంటె నిలిచిన నీరే యింటికి చేటు.

మిద్దెయింటివారికిని ఈ జాగ్రత్త తప్పదు. మహబూబాబాదులో మా చెల్లెలి మిద్దెపై తూమునకు పాలసంచి యొకటి యడ్డుపడి, రాత్రికి రాత్రి నీరు నిలిచినది. 100 చదరపు మీటర్ల మిద్దెపై 10 సెంటీమీటర్ల నీరు నిలిచినచో 10,000 లీటర్లు, అనగా 10 టన్నుల బరువు!

కావున రోహిణి కార్తెలోనే కప్పుపైకి వ్రాలిన కొమ్మలు కొట్టించుడు. కాలువలును తూములును ఊడ్పించి, బిందెడు నీరు పోయించి, అది సాఫీగా పోవుచున్నదో లేదో చూడుడు. తడిసిన పెంకులపైకి ఎవ్వరిని ఎక్కింపకుడు. మట్టిగోడ మెత్తబడినచో సామానుకొఱకు చూడక గది విడువుడు.

ఆ రాత్రిని గూర్చి మా అత్తగారు నేటివరకు మమ్మొక్క మాటయు ననలేదు. రోహిణి రాగానే చీపురు తెచ్చి మా చేతికిత్తురు, అంతే.