జాలియు న్యాయమును

హృదయమొక దారిని, బుద్ధి యొక దారిని చూపునపుడు దేని ననుసరింపవలెను? ఈ ప్రశ్న మాకు కచేరీ బల్లయొద్ద ఎదురైనది.

బరంపురము 1936లో మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరినది. నాటినుండి ‘మనవారు’ అను మాటకు ఇచ్చటి తెలుగు కుటుంబములలో బరువు హెచ్చు. 1988లో మేము గుమాస్తాగా నున్న కచేరీకి ఒక తెలుగు వితంతువు సహాయమునకై దరఖాస్తుతో వచ్చెను. గడువు దాటి తొమ్మిది దినములైనది. “మనవాడివి కదా బాబూ, తారీఖు కాస్త వెనక్కి వెయ్యి” అని కన్నీరు పెట్టుకొన్నది. మేము కలము నందుకొంటిమి. అంతలో, గడువు దాటినదని ముందటి వారమే మేము త్రిప్పిపంపిన ఒడియా వృద్ధుని మొగము స్ఫురించినది. చేయి ఆగిపోయెను.

గాండీవమును పరులకిమ్మన్న వానిని చంపుదునని ప్రతిన పట్టిన అర్జునుడు, ఆ మాట ధర్మరాజే యనగా కత్తి దూసెనని కర్ణపర్వము చెప్పుచున్నది. పెద్దలను నిందించుటయే వారిని చంపుటతో సమమని చెప్పి, కృష్ణుడు ప్రతినను, అన్నను గూడ కాపాడెను.

మేమును అట్టి దారి వెదకితిమి. నిజమైన తారీఖునే వేసి, ఆలస్యమునకు కారణము వ్రాసి, మన్నింపుడని పై అధికారికి నోటు పెట్టితిమి. ఆమెకు సహాయమందినది. ఆ వృద్ధునికిని కబురంపితిమి. ఆయన అప్పటికే గతించెను.

మనవారియెడ మాత్రమే కరగు జాలి పక్షపాతము. నియమముకడనే ఆగిపోవు బుద్ధి సోమరితనము. ఈ రెండు దోషములును మావే. ఆ వృద్ధుని మొగము నేటికిని మమ్ము వీడలేదు.