బండ కదలాలి... కర్ర లేవకూడదు!

లాగేది ఎద్దులు. లెక్క తేలేది అడుగుల్లో. కానీ పరీక్ష మాత్రం పగ్గం పట్టిన మనిషికే! కర్నూలు జిల్లా పడమటి కొసన, ఎమ్మిగనూరు జాతరలో బండలాగుడు బరి దగ్గర ఓ పూట నిలబడితే ఆ సంగతి ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

పుష్య మాసపు పున్నమికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి రథం కదులుతుంది. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా వచ్చే ఈ జాతరకు చుట్టుపక్కల పల్లెల నుంచే కాదు, కర్ణాటక నుంచీ జనం తరలివస్తారు. మిఠాయి అంగళ్లు, రంగులరాట్నాలు, గాజుల కొట్లు... అన్ని జాతరల్లో ఉండేవే. ఇక్కడ అదనంగా ఉండేది ఎద్దుల సందడి. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, దిష్టి తగలకుండా నల్లతాడు! మూపురం ఎత్తి నడిచే తెల్లటి ఒంగోలు గిత్తలను కరపత్రాల్లో 'వృషభరాజములు' అని అచ్చు వేస్తారు. దగ్గరి నుంచి చూస్తే ఆ మాట పెద్దదేం కాదనిపిస్తుంది.

మగ్గానికి పేరుమోసిన ఊరిది. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు దుప్పట్లను, తువ్వాళ్లను దేశమంతా తిప్పింది. ఇక్కడికి 30 కిలోమీటర్ల దూరంలోని ఆదోనిది పత్తి వ్యాపారం. రాయలసీమలో పత్తి అమ్మాలంటే ముందు గుర్తొచ్చే మార్కెట్ అదే. ఒక ఊరు దూదిని బేళ్లు కడితే, ఇంకో ఊరు నూలును బట్టగా నేసింది. మధ్యలో మిగిలే పత్తి గింజ ఎక్కడికి పోతుంది? నూనె తీశాక మిగిలిన చెక్క ఎద్దు గాటిలోకే! ఉలవలు, జొన్నచొప్ప, పత్తిగింజల చెక్క... పందెపు ఎద్దుకు పెట్టే మేతలో ఆదోని వాటా ఉందన్నమాట.

ఫిరంగులు లాగిన దారి

బరువు లాగే ఎద్దులకు ఈ నేల కొత్త కాదు. ఆదోని కోట కోసం విజయనగర రాజులు, సుల్తానులు ఒకరితో ఒకరు తలపడ్డారు. బీజాపూరు తరఫున ఏలిన సిద్ది మసూద్‌ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఊరికి గుర్తు. 1786లో టిప్పు సుల్తాన్ ఈ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. మైసూరు సైన్యంలో ఫిరంగులను ఈడ్చినవి అమృత్‌మహల్ జాతి ఎద్దులు. గుర్రాలు చేయలేని దూరాలు అవి చేశాయని ఆ తర్వాత ఇంగ్లిషువాళ్లే మెచ్చుకున్నారు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాడు. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉంది. అందుకే ఇక్కడి తెలుగులో కన్నడం కలిసిపోయి వినిపిస్తుంది. పండగలూ అంతే. కన్నడ సీమలో కారహుణ్ణిమెకు ఎద్దులను పరుగెత్తిస్తారు. ఏ రంగు ఎద్దు ముందు వస్తే ఆ ఏడు ఏ పంట బాగా పండుతుందో చెప్పుకుంటారు. అదే పున్నమి ఇక్కడ ఏరువాక పండగ.

నోట్లోనే పుట్టినరోజు!

బండలాగుడులో మొదటి నియమం కొలతబద్ద దగ్గర మొదలవదు, ఎద్దు నోటి దగ్గర మొదలవుతుంది. పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు. కింద ఎనిమిది ఉంటాయి. తొలుత అవన్నీ పాలపళ్లు. రెండేళ్లు దాటాక నడిమి రెండూ ఊడి, వెడల్పాటి గట్టి పళ్లు వస్తాయి. తర్వాత మరో జత, ఆపైన ఇంకో జత. అయిదో ఏడు నడిచేసరికి నోరు నిండుతుంది. ఈ లెక్క ప్రకారమే పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు పెడతారు. పైన సీనియర్స్. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది.

నోరు తెరిచి చూపించాల్సింది ఎద్దు యజమానే. ఎదుటివారి ఎద్దు మూతి మీద చెయ్యి వేయడం మర్యాద కాదు. రెండు పళ్లా, నాలుగు పళ్లా అన్న పేచీ ఏదైనా ఉంటే అక్కడే తేల్చుకోవాలి. బండ కదిలాక పళ్ల మాట ఎత్తితే పెద్దలు ఒప్పుకోరు.

అసలు ముచ్చట పాలపళ్ల విభాగంలోనే ఉంది. జనం మాత్రం సీనియర్స్ కోసం ఎదురుచూస్తూ ఇది జరిగే వేళకు టీ కొట్టు దగ్గర ఉంటారు! బహుమతి చిన్నదే. కోడెలకు జనం కొత్త, మైకు కొత్త, ఈలలు కొత్త. పక్కన నిలబడ్డ కుర్రాడికీ బరి కొత్తే. ఇది పోటీ పేరుతో నడిచే బడి. ఈ వయసులో శక్తికి మించిన బండను కట్టి, బెదరగొట్టి లాగిస్తే ఆ కోడెకు బండంటేనే భయం పట్టుకుంటుంది. తర్వాత ఎంత మేపినా కాడి దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గుతుంది. ఏళ్ల కష్టం ఒక్క పూటలో పోతుంది.

పాశ్చాత్య దేశాల్లో గుర్రపు స్వారీలో 'డ్రెస్సాజ్' అనే విద్య ఉంది. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న బరిలో గుర్రాన్ని నడిపించి, దౌడు తీయించి, ఆపి చూపాలి. ఎంత వేగంగా వెళ్లిందని కాదు, ఎంత ఒద్దికగా మాట విన్నదని మార్కులు వేస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం 'స్కూలింగ్ షో' అని చిన్న పోటీలు పెడతారు. మన పాలపళ్ల విభాగం లాంటివే అవి. అంతర్జాతీయ పోటీల్లో రౌతు నాలుకతో చప్పుడు చేసినా మార్కులు కోసేస్తారు. గుర్రం నోట్లో రక్తం కనిపిస్తే ఇంటికే! ఎమ్మిగనూరు రైతుకు ఈ రెండో నియమం వెంటనే నచ్చుతుంది. మొదటిది వింటే నవ్వొస్తుంది. ఇక్కడ నోరే కదా అసలు ఆయుధం!

గొంతు వినాలి... దెబ్బ కాదు

బరి అంటే సున్నం గీతలు గీసిన పొడవాటి దారి. బండకు గొలుసు, గొలుసుకు కాడి. ఇచ్చిన నిమిషాల్లో ఆ చివరికీ ఈ చివరికీ బండను ఈడ్చాలి. మొత్తం ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగాయన్నదే లెక్క. ఎన్ని నిమిషాలు, ఎందరు మనుషులు, కర్ర వాడవచ్చా అన్నవి పోటీని బట్టి మారుతుంటాయి. కరపత్రం చదవకుండా బరిలోకి దిగినవాడిదే తప్పు.

ఎవరి వంతు ఎప్పుడన్నది చీటీలు తీసి తేలుస్తారు. పొద్దుటి చల్లదనంలో వంతు వస్తే అదృష్టం. మిట్టమధ్యాహ్నం వస్తే గొణుక్కోవచ్చుగానీ చీటీ మార్చమని అడగకూడదు. వంతు వచ్చేదాకా జతను నీడన ఉంచాలి. బరిలో ఇంకో జత లాగుతుంటే ఎదురుగా నడవకూడదు, పక్కన టపాసులు కాల్చకూడదు. కొబ్బరికాయ కొట్టి, బండకు మొక్కి, కాడి ఎత్తాలి.

చూసేవాళ్లకు బండ సాఫీగా సాగే చోట ఉత్సాహం వస్తుంది. తెలిసినవాళ్లు మాత్రం మలుపు దగ్గర నిలబడతారు. దారి చివర జతను తిప్పే చోటే సమయం కరిగిపోతుంది. లోపలి ఎద్దు నిలబడాలి, బయటి ఎద్దు చుట్టి రావాలి. అక్కడ పగ్గం పట్టినవాడు కంగారుపడితే ఎద్దులు రెండూ రెండు దిక్కులకు లాగుతాయి. ఒడుపున్నవాడు ఓ అదిలింపుతో పని కానిస్తాడు. చెర్నాకోల గాలిలో మోగించడం వేరు, వీపు మీద దించడం వేరు. తోక మెలిపెట్టడం, ముల్లుకర్ర గుచ్చడం చేతకానివాడి పనులు. అవి చేసి గెలిచినా తెలిసినవాళ్లు ఆ జతను మెచ్చుకుంటారుగానీ, తోలినవాణ్ని మెచ్చుకోరు.

ఎద్దు మోకాళ్ల మీద వాలిందా, వెంటనే కాడి దించాల్సిందే. 'ఇంకో పది అడుగులు' అన్న ఆశే ఎద్దు ప్రాణం మీదికి తెస్తుంది. లాగి వచ్చిన జతను ఉన్నపళంగా గాటికి కట్టకుండా మెల్లగా నడిపించాలి. ఒగర్పు తగ్గాకే కడుపునిండా నీళ్లు పెట్టాలి. బరి బయట ఎదురైన పెద్దాయన దూరం ఎంతని అడగడు. 'ఏమప్పా, ఎద్దులకు ఆయాసం తగ్గిందా?' అంటాడు. ఈ సీమలో పలకరింపు ఇదే.

దూరం మీద అభ్యంతరం ఉంటే టేపు చుట్టకముందే చెప్పాలి. అదీ జత యజమాని ఒక్కడే చెప్పాలి. వెంట వచ్చిన ఇరవైమందీ కలిసి కాదు!

చట్టం కన్నేసింది

ఈ మర్యాదలు ఇప్పుడు మర్యాదలుగానే మిగల్లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం పశువును కొట్టడం, శక్తికి మించి తోలడం నేరం. కాడి కట్టే పశువుల కోసం 1965లో వచ్చిన నిబంధనలు ముల్లుకర్రను పూర్తిగా వద్దన్నాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదన్నాయి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ, ఎడ్లబండి పందేలనూ ఆపమంది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తమ చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ తీర్పులో ఉన్నవి ఆ మూడు రాష్ట్రాల చట్టాలే, ఆంధ్రప్రదేశ్‌ది కాదు. అందుకే ఇక్కడ బరిలో లేచే ప్రతి కర్రా నిర్వాహకుల గుండెల్లో గుబులు రేపుతుంది. వీపు మీద వాత తేలిన ఒక్క ఎద్దు ఫొటో చాలు, జాతరలో బరే లేకుండా పోవడానికి!

బరి పోతే పోయేదేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. దుక్కికి ట్రాక్టరు వచ్చింది. వానలు మొహం చాటేసిన ఏడు పడమటి మండలాల కుటుంబాలు మిరపకోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. అలాంటి చోట ఒంగోలు జతను మేపడం మాటలు కాదు. దున్నకానికి అవసరం లేని ఎద్దును ఇంకా ఇంట్లో ఉంచుతున్నది చాలాచోట్ల ఈ పందెమే. ఇదే జాతి బ్రెజిల్‌కు వెళ్లి, నెల్లూరు పేరు మీద 'నెలోర్'గా అక్కడి మందల్లో సింహభాగమైంది. పుట్టిన గడ్డ మీద దానికి మిగిలిన గౌరవం ఈ సున్నం గీతల మధ్యే ఉంది. గీతల మధ్య దెబ్బలు పడితే మాత్రం ఆ గౌరవాన్ని ఏ వాదనా కాపాడలేదు.

వెళ్లాలంటే...

ముంబై-చెన్నై రైలు మార్గంలో ఆదోని స్టేషన్ ఉంది. ఎమ్మిగనూరుకు రైలు లేదు, ఆదోని నుంచి బస్సు పట్టుకోవాలి. ఉదయం ఆదోని కోట, జామియా మసీదు చూసుకుని బయల్దేరవచ్చు. మంత్రాలయం కూడా దగ్గరే. జాతర తేదీలు పున్నమిని బట్టి మారతాయి కాబట్టి ముందే కనుక్కోండి. పిల్లలతో వెళ్తే పొద్దున్నే జరిగే పాలపళ్ల విభాగానికి అందుకోండి. జనం తక్కువ, కోడెలను దగ్గరి నుంచి చూడొచ్చు. గీతకు ఇవతలే నిలబడండి. ఈలలు వేయాలనిపిస్తే... బండ ఆగాక!