దస్తావేజుల భద్రత – గ్రిడ్ నిల్వ విధానము

రైలు మార్గమున స్టువర్టుపురానికి, చీరాలకు నడుమ మా ఈపురుపాలెం ఉన్నది. మగ్గముల ఊరు, సముద్రమునకు దగ్గర. కాగితమునకు ఇచ్చట శత్రువులు ముగ్గురు: చెమ్మ, చెద, తుఫాను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథలు వినని ఇల్లు ఈ తీరమున లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. అట్టి చోట పద్దు పుస్తకము భద్రపరచుట ఎట్లు అన్న ప్రశ్న మాకు ఊహాగానము కాదు.

మా వీధిలో ఒక వృద్ధ నేతగాడు కలడు. మేమందరమూ ఆయనను తాతా అనియే పిలుతుము. ఆయన సభ్యుడుగా ఉన్న సంఘము పేరు ఇచ్చట అనవసరము. ఆ సంఘపు వారు సభ్యుల పట్టీకి, పొదుపు లెక్కలకు జాగ్రత్తగా నకళ్లు కూడ వ్రాయించిరి. అసలు, నకలు రెండును ఒకే గదిలో, ఒకే బీరువాలో ఉంచిరి. ఒక వానకాలమున ఆ గదిలోనికి నీరు వచ్చినది. తాత ఎన్నేండ్లు నేసినదీ, ఎంత పొదుపు చేసినదీ చెప్పగల కాగితము మిగులలేదు. పింఛను కొరకు రెండేండ్లు తిరిగెను. “నా చేతులు చూడండి బాబూ, ఇంతకన్న ఋజువేమి కావాలి?” అని ఆయన అడుగుచుండగా మాకు సమాధానము తోచలేదు.

నకలు ఉండుట వేరు, నకలు వేరొక చోట ఉండుట వేరు. పెద్ద సంస్థల పాత లెక్కలను దాచు ఆధునిక పద్ధతులన్నియు ఈ భేదము మీదనే నిలిచినవి. బ్యాంకులు, ఆసుపత్రులు, కార్ఖానాలు తమ లెక్కలను ఏండ్ల తరబడి ఉంచవలసియుండును. ఒకే పెద్ద యంత్రమును కొని అందులో నింపిన, అది నిండిన నాడు మరింత పెద్దది కొనవలెను. చెడిన నాడు అన్నియు చెడును. అందుకు మారుగా సాధారణమైన కంప్యూటర్లను అనేకము వలవలె కలిపి, ఒకే కొట్టువలె పని చేయించు విధానమే గ్రిడ్ నిల్వ.

జపానుకు చెందిన ఎన్.ఇ.సి. సంస్థ 2007లో విపణిలోనికి తెచ్చిన హైడ్రాస్టోర్ దీనికి మంచి ఉదాహరణము. లోనికి వచ్చిన సమాచారమును అది చిన్న ముక్కలుగా చేయును. ప్రతి ముక్కకు దాని సారమును బట్టి ఒక గుర్తు, వ్రేలిముద్ర వంటిది, లెక్కించును. అదే గుర్తు గల ముక్క లోపల ఇదివరకే ఉన్నచో మరల దాచదు. నిన్నటి లెక్కకు నేటి లెక్కకు భేదము స్వల్పమే గదా. స్థలము ఎంతో కలిసివచ్చును. పిదప ఆ ముక్కను తొమ్మిది భాగములు చేసి, వానినుండి గణితముచే మరి మూడు భాగములు పుట్టించి, పన్నెండింటిని వేర్వేరు స్థానములలో ఉంచును. ఈ పన్నెండింటిలో ఏ తొమ్మిది మిగిలినను మొత్తము తిరిగి వచ్చును. మూడు పూర్తి ప్రతులు దాచిన మూడింతల చోటు కావలెను. ఇచ్చట మూడవ వంతు మాత్రమే అదనము. మాకు మిక్కిలి నచ్చినది ఈ లెక్కయే.

పెరుగుదల సంగతి నేత తెలిసినవారికి సులభముగా బోధపడును. మగ్గము మీది పాత పడుగు కొసలకు క్రొత్త పోగులు అతికి నేత సాగించినట్లే, నడుచుచున్న గ్రిడ్డుకు క్రొత్త యంత్రమును చేర్చవచ్చును. అది తన వంతు బరువు తాను తీసికొనును. ముసలి యంత్రమును తొలగింపవచ్చును. ఒక యంత్రము చెడినచో తక్కినవి తెగిన పోగును తామే అతుకును.

అయితే ఆ పన్నెండు స్థానములును ఒకే గదిలో ఉన్నచో? ఉప్పెనకు గణితము తెలియదు. అందుకే వివేకముగల సంస్థలు దూరపు ఊరిలో మరియొక గ్రిడ్డు నిలుపుదురు. మన చీరాలకు పేరు తెచ్చిన తేలియా రుమాలు నేత కూడ ఇట్లే పుట్టపాకలో నిలిచి 2020లో భౌగోళిక గుర్తింపు పొందినది. చీరాల మగ్గములనే నమ్ముకొనియుండిన దాని గతి ఏమయ్యెడిదో!

చెడునది యంత్రమొక్కటే కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన ఆచార్య రాజ్ రెడ్డి పూనిక వలన, హైదరాబాదులోని ట్రిపుల్ ఐ.టి. వంటి సంస్థల శ్రమ వలన, భారత డిజిటల్ గ్రంథాలయము లక్షల పుస్తకములను ఛాయాచిత్రములుగా మార్చినది. తెలుగు, ఉర్దూ గ్రంథములు అందులో విరివిగా ఉండెను. 2017 నాటికి ఆ ద్వారము సామాన్య పాఠకునకు మూతపడినది. అయినను శాన్ ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవు వారు అంతకుముందే ప్రతులు చేర్చుకొనియుండుటచే అనేక గ్రంథములు నేటికిని చదువ దొరకుచున్నవి. ఇచ్చట రక్షించినది రెండవ యజమాని. ఒకే యాజమాన్యము క్రింద నూరు యంత్రములున్నను ఒక్క నిర్ణయముతో నూరును మూతపడగలవు.

మనకు గ్రిడ్డు కొను స్తోమత లేదు, అవసరమును లేదు. దాని నీతి చౌకలో లభించును. చీరాలకు అవతల వేటపాలెంలో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము పాత పత్రికలను కాపాడుచున్నది. మన సంచిక ప్రతి ఒక్కటి అచ్చటికి, మరొకటి హైదరాబాదులోని ఏదేని గ్రంథాలయమునకు పంపి, ఛాయాప్రతిని వేరొకరి కంప్యూటరులో ఉంచిన, తపాలా ఖర్చుతో మూడు స్థానములు, మువ్వురు యజమానులు సిద్ధింతురు. ఉర్దూ పుటలను, తెలుగు పుటలను విడదీయక ఒకే సంపుటముగా పంపవలెనని మా మనవి. ఒక భాష చదువలేనివాడు రెండవ సగమును వ్యర్థమని పారవేయు ప్రమాదము కలదు.

కమిటీ పెద్దలు అనుమతించినచో రాబోవు సెలవులలో విద్యార్థులమే ఈ పని చేయగలము. గ్రంథాలయపు అడుగు అరలోని తొలి సంచికలు తెరిచినప్పుడెల్ల అంచులనుండి పొడి రాలుచున్నది. మొదట వానితో ఆరంభింపవలెను.