ఇంట్లో పంతులు

2020 మార్చిలో కరోనా పుణ్యమా అని బడులు మూతపడ్డాయి. కాలేజీలో వందమందికి పాఠం చెప్పేవాణ్ణి, ఇద్దరు పిల్లలకు చెప్పలేనా అనుకుని, భద్రాచలంలో మా వసారాలోనే బడి పెట్టాను. నల్లబల్ల, గంట, హాజరుపట్టీ – దేనికీ లోటు చేయలేదు. వారం తిరక్కుండానే, నా అడుగుల చప్పుడైతే చాలు, మా చిన్నది వాళ్ళమ్మ కొంగుచాటుకు పోయేది. ఇంట్లో పంతులు వెలిశాడు, నాన్న మాయమయ్యాడు!

ఒకనాటి పొద్దున ఇప్పపూల బుట్టతో మా గుమ్మం ముందాగిన కోయ అవ్వను, "చెట్టెక్కి కోశావా, అవ్వా?" అని అడిగింది చిన్నది.

"ఎక్కుడెందుకు బిడ్డా? తెల్లారేసరికి అవే రాల్తయి. ఏరుకునుడే."

ఆ వారంలో చిన్నది నోరు విప్పి అడిగిన మొదటి ప్రశ్న అది. అడిగింది నన్ను కాదు!

ఆ పూటే గంట అటకెక్కింది. మర్నాడు చీకటితోనే లేచి, "నాన్నా, పూలు పగలెందుకు రాలవు?" అంటూ నా పక్కన చేరింది. నాకు తెలియదన్నాను. ఇద్దరం ఆలోచిస్తూ కూర్చున్నాం.