మన అక్షరాలకూ ఒక టెస్టు

ఆళ్లగడ్డలో మేము కొందరం టీచర్లం, సెలవులకు ఇంటికొచ్చిన గూడేల, తండాల పిల్లలతో కలిసి రూబీ నేర్చుకుంటున్నాం. జపాన్‌కు చెందిన యుకిహిరో మాట్సుమోటో తయారుచేసి 1995లో విడుదల చేసిన ప్రోగ్రామింగ్ భాష అది. అందులో రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలను ఎవరైనా చదవొచ్చు, బాగుచేయొచ్చు. అయితే చెయ్యి పెట్టేముందు టెస్టులు నడపాలి.

ఇది మన బడిలో స్లిప్ టెస్టు లాంటిదే. ప్రశ్న, సరైన జవాబు ముందే రాసి ఉంటాయి. ప్రోగ్రాం ఇచ్చిన జవాబును కంప్యూటరే దిద్దుతుంది.

లైబ్రరీని గిట్‌తో దించుకుని, ఆ ఫోల్డర్‌లో 'బండిల్ ఇన్‌స్టాల్' కొడితే కావలసిన జెమ్‌లు వస్తాయి. దీనికి నెట్ కావాలి. నంద్యాలకు పోయినప్పుడే ఈ పని ముగించుకుంటే, సిగ్నల్ లేని గూడెంలోనూ చాలా టెస్టులు నడుస్తాయి. తర్వాత 'బండిల్ ఎగ్జెక్ రేక్ టెస్ట్' కొట్టాలి. మినీటెస్ట్ వాడే లైబ్రరీల్లో పాసైన టెస్టుకు చుక్క, తప్పినదానికి 'ఎఫ్' పడుతుంది. ఏమీ మార్చకముందే ఒకసారి నడపండి. అప్పుడే 'ఎఫ్' ఉంటే అది మన చేతి తప్పు కాదని తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. 'చెంచు' అనే మాటలో మనం లెక్కపెట్టే అక్షరాలు 2. రూబీని 'లెంగ్త్' అడిగితే 5 అంటుంది: చ, ఎత్వం, సున్న, చ, కొమ్ము. యూనికోడ్‌లో ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఉంది మరి. 'నంద్యాల' మనకు 3 అక్షరాలు, దానికి 7. పేరును 4 దగ్గర కత్తిరించే ప్రోగ్రాం 'చెంచు'ను 'చెంచ' చేస్తుంది. 'గ్రాఫీమ్ క్లస్టర్స్' అని అడిగితే మాత్రం 'చెంచు'కు 2 అనే జవాబే వస్తుంది.

ఇంగ్లీషు పేర్లతోనే టెస్టులు రాస్తే అన్నీ చుక్కలే పడతాయి, ఈ తప్పు బయటపడదు. మా విద్యార్థి ఒకరి పేరు ఒక కాగితంలో చివరి కొమ్ము తెగి వచ్చింది. బడి రికార్డుతో కలవలేదు. దాన్ని సరిచేయించడానికి వాళ్ల నాయన రెండు రోజుల కూలి పోగొట్టుకున్నాడు.

అందుకే మా పిల్లలకు మొదటి పనిగా టెస్టు రాయమంటున్నాం. పిల్లల అసలు పేర్లు అందులో పెట్టొద్దు. మన ఊళ్ల పేర్లు, తెగల పేర్లు చాలు. లైబ్రరీ చూసుకునేవాళ్లు ఆ టెస్టును చేర్చుకుంటే, తర్వాత ఏ దేశంలో ఎవరు కోడ్ మార్చి టెస్టులు నడిపినా, మన అక్షరం తెగిన చోట 'ఎఫ్' పడుతుంది.